బావికి అక్కర్లేని మందులు కొలనుకెందుకు?

"మేం బాయిల దుంకి ఈత నేర్చినం. ఏ మందులేసినం రా అండ్ల?"

ఇంటి వెనక కొత్తగా ఈతకొలను కట్టించుకున్నవాళ్లకు ఈ ప్రశ్న బయటివాళ్ల నుంచి రాదు, ఇంట్లోనే వస్తుంది. మనవడు యాసిడ్ క్యాన్లు, పొడుల సంచులు ఆటోలోంచి దింపుతుంటే అరుగు మీద కూర్చున్న తాత అడుగుతాడు. వినడానికి వేళాకోళంలా ఉంటుంది గానీ, కొలను నీటి శాస్త్రమంతా ఈ ప్రశ్నలోనే ఉంది. తాతకు సరైన జవాబు చెప్పగలిగినవాడికి ఏ డబ్బా ఎప్పుడు విప్పాలో ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు ఇంటి కొలను ఇంకా కొత్త ముచ్చటే. ఈత మాత్రం కొత్తది కాదు. నడుముకు సొరకాయ బుర్ర, వీపుకు ఖాళీ నూనెడబ్బా కట్టుకుని వ్యవసాయ బావుల్లో ఈత నేర్చిన తరం ఇంకా మన మధ్యనే ఉంది. ఆ బావిలో ఎవరూ ఏమీ కలపలేదన్నది నిజం. అయినా ఏళ్ల తరబడి నీళ్లు బాగానే ఉన్నాయి. అదే బోరు నీళ్లతో నింపిన కొత్త కొలను వారం తిరిగేసరికి పచ్చబడుతుంది, లేదంటే తెల్లగా కలకబారుతుంది. ఎందుకని?

బావికీ రాతికీ మధ్య ఒప్పందం

బావి నీళ్లు చూడటానికి నిలిచి ఉన్నట్టుంటాయి, నిజానికి నిలవవు. అడుగున ఊట వస్తూనే ఉంటుంది. పైనుంచి అప్పట్లో మోట, తర్వాత మోటారు తోడుతూనే ఉన్నాయి. వరిమడి పారినన్ని రోజులూ బావి నీళ్లు మారుతూనే ఉండేవి. పదిమంది పిల్లలు దుంకినా వాళ్ల ఒంటి మురికి పొలానికి పోయేది. లోతైన బావిలో ఎండ ఏ మిట్టమధ్యాహ్నమో కాసేపు దిగుతుంది, కాబట్టి నాచు గోడల మీద పెరిగినంతగా నీళ్లలో పెరగదు. ఉన్న కొద్దిపాటి పురుగునూ చేపలు, కప్పలు చూసుకుంటాయి.

వీటికి మించిన కారణం ఇంకొకటుంది. ఆ నీళ్లు ఏళ్ల తరబడి భూమిలో రాళ్ల మధ్య నడిచి వచ్చినవి. నడిచినంత మేరా రాతిలోంచి కరిగించుకోగలిగింది కరిగించుకుని, మోయలేనిది అక్కడే వదిలేసి వచ్చాయి. బావిలోకి ఊరేసరికి రాయి ఇవ్వాల్సింది ఇచ్చేసింది, నీరు పుచ్చుకోవాల్సింది పుచ్చుకుంది. మళ్లీ అదే రాతి గోడల మధ్య నిలిచినప్పుడు వాటి మధ్య కొత్త లావాదేవీ ఏమీ ఉండదు.

మోటారు వేసి ఆ నీళ్లను సిమెంటు తొట్టిలో పోయగానే ఆ పాత ఒప్పందం రద్దయిపోతుంది. కింద చీకటి, పైన ఎండ. కింద గ్రానైటు, పైన సున్నంతో నిండిన కొత్త సిమెంటు. కింద గాలి తగలక నీళ్లలోనే కరిగి ఉన్న బొగ్గుపులుసు వాయువు, అదే కార్బన్ డయాక్సైడ్, పైన గాలి తగలగానే లేచిపోతుంది. పైగా ఇక్కడ ఊటా లేదు, పారకమూ లేదు. అవే నీళ్లు నెలల తరబడి అక్కడే తిరుగుతాయి. నీళ్లు కొత్త చోటుతో కొత్త ఒప్పందానికి వస్తాయి, అందులో అనుమానం లేదు. ఆ ఒప్పందం మన టైల్స్ మీద, మోటారు మీద, పిల్లల కళ్ల మీద కుదరకుండా చూడటమే కొలను నీటిని సమతూకంలో పెట్టడమంటే.

తాతకు ఇంకో మాట కూడా చెప్పొచ్చు, ఆయన నొచ్చుకోకుండా. ఆ బావులు మరీ అమాయకమైనవేం కావు. మెట్లబావుల్లో దిగి నీళ్లు ముంచుకున్న ఊళ్లలో నారికురుపు మనుషుల్ని మంచాన పడేసింది. దేశంలో ఆ రోగం ఆఖరి కేసు 1996లో నమోదైంది. 2000లో గానీ భారతదేశం నారికురుపు లేని దేశమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించలేదు. దాన్ని తరిమిన పనుల్లో మెట్లబావుల్ని మార్చడం, నీళ్లు వడగట్టుకోవడం, నీళ్లలో మందు వేయడం అన్నీ ఉన్నాయి.

ఏ ఊరి నీళ్లు ఆ ఊరివి

కొలను కట్టే కంపెనీ ఇచ్చే కాగితం మీద ఏది ఎంత వేయాలో అచ్చువేసి ఉంటుంది. అది హైదరాబాదుకూ దుబాయికీ ఒకటే కాగితం. మన దగ్గర ముప్ఫై, నలభై కిలోమీటర్లలో నీటి స్వభావం పూర్తిగా మారిపోతుంది కాబట్టి ఆ కాగితాన్ని నమ్ముకుంటే లాభం లేదు.

సూర్యాపేట చుట్టూ ఉన్నది గట్టి గ్రానైటు, నైసు రాళ్ల నేల. వాటి పగుళ్లలో నిలిచిన బోరు నీళ్లలో క్షారం ఎక్కువ. చాలాచోట్ల ఫ్లోరైడూ ఎక్కువే. ఈ రెండూ కలిసి రావడం కాకతాళీయం కాదు. కాల్షియం, ఫ్లోరైడు ఒకచోట చేరితే కరగని పదార్థంగా మారి అడుగుకు దిగిపోతాయి. అందుకని కాల్షియం దండిగా ఉన్న నీళ్లు ఎక్కువ ఫ్లోరైడును మోయలేవు. ఫ్లోరైడు ఎక్కువున్న నీళ్లలో కాల్షియం తక్కువగా, బైకార్బొనేటు ఎక్కువగా ఉండటం మామూలు. ఉమ్మడి నల్లగొండ జిల్లాను దశాబ్దాల పాటు వంచిన ఫ్లోరోసిస్ వెనక ఉన్న ఈ సంగతి కొలను కట్టుకునేవాడికీ పనికొస్తుంది. ఫ్లోరైడు ఊరు అనగానే ఆ నీళ్లలో సున్నం కొరత, క్షారం మిగులు ఉండొచ్చని ముందే ఊహించుకోవచ్చు.

అదే దక్షిణంగా వాడపల్లి, మట్టపల్లి, మేళ్లచెరువు వైపు దిగితే కింద ఉన్నది సున్నపురాయి. అక్కడ అన్ని సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది అందుకే. ఆ రాళ్ల నీళ్లు సున్నాన్ని కడుపునిండా నింపుకుని వస్తాయి. సబ్బు నురగ రాదు, హీటరు రాడ్డు మీద తెల్లటి పెచ్చు కడుతుంది.

ఇక మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ మీదుగా పోయే నాగార్జునసాగర్ ఎడమ కాలువ, అంటే లాల్‌బహదూర్ కాలువ నీళ్లు కృష్ణవి. 1967లో సాగర్ నుంచి నీళ్లు వదిలినప్పటి నుంచి ఈ మూడు ఊళ్ల తిండీ తీరూ మార్చిన నీళ్లు. బోరు నీళ్లతో పోలిస్తే వీటిలో లవణాలు తక్కువ, వరద రోజుల్లో బురద ఎక్కువ. కాలువ పారకం ఉన్న చోట బోర్లలోనూ ఈ నీళ్లే కొంత ఇంకి, స్వభావం మారుతుంది. అందుకే పక్కపక్క ఇళ్ల బోర్లు కూడా ఒక్కతీరుగా ఉండవు.

ట్యాంకర్లతో నింపేవాళ్లకు ఇంకో చిక్కు. 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, సగటున మీటరుంబావు లోతున్న కొలనులో 40,000 లీటర్లు పడతాయి. 5,000 లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది. ఆ ఎనిమిదీ ఒకే బోరు నుంచి వస్తాయన్న భరోసా లేదు. నింపకముందు చేసిన పరీక్షను దాచుకోండి గానీ, లెక్కకు పనికొచ్చేది నిండాక చేసిన పరీక్షే. తాగునీటి కుళాయికి పైపు తగిలించి కొలను నింపడం గురించి మాత్రం నేను చెప్పను. ఫ్లోరైడు లేని గుక్కెడు నీళ్ల కోసం ఇన్నేళ్లు ఎదురుచూసిన జిల్లాలో అది బాగుండదు.

ఫ్లోరైడు నీళ్లలో ఈదితే ప్రమాదమా అని చాలామంది తల్లులు అడుగుతారు. ఫ్లోరైడు చర్మం గుండా లోపలికి పోదు, మింగితేనే పోతుంది. ముప్పావుగంట ఈతలో పిల్లలు సగటున 37 మిల్లీలీటర్లు మింగుతారని అమెరికాలో కొలిచారు. లీటరుకు 4 మిల్లీగ్రాములున్న నీళ్లయినా ఆ ఈతలో కడుపులోకి పోయేది మిల్లీగ్రాములో ఆరోవంతు కన్నా తక్కువే. అవే నీళ్లు రోజూ రెండు లీటర్లు తాగితే 8 మిల్లీగ్రాములు. భయపడాల్సింది తాగే బిందె విషయంలో.

ఈ ప్రాంతానికి నీటి రసాయనశాస్త్రంలో ఒక పేరు కూడా ఉంది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ, అందరూ నీరి అనే సంస్థ, 1970లలో ఫ్లోరైడు తీసే పద్ధతిని రూపొందించి దానికి నల్లగొండ పద్ధతి అని పేరు పెట్టింది. నీళ్లలో సున్నం, బ్లీచింగ్ పౌడరు, పటిక కలిపి, మెల్లగా తిప్పి, గంటసేపు తేరనిచ్చి పైనీళ్లు తీసుకోవాలి. మొదటిది నీటి స్వభావాన్ని సరిచేస్తుంది, రెండోది క్రిముల్ని చంపుతుంది, మూడోది మలినాన్ని గుత్తులు గుత్తులుగా పట్టి కిందికి దింపుతుంది. కొలను పక్కన మోటారు గదిలో చూస్తే ఉండేవీ ఈ మూడు పనులు చేసే సరుకులే.

ఆకలిగొన్న నీళ్లు, అజీర్తి నీళ్లు

1936లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు విల్‌ఫ్రెడ్ లాంజెలియర్ ఊరి నీటిగొట్టాలు ఎందుకు తుప్పుపడుతున్నాయో, కొన్ని ఎందుకు పూడిపోతున్నాయో తేల్చడానికి ఒక సూచిక కట్టాడు. కొలనుల గురించి ఆయన ఆలోచించలేదు. అయినా ఇవాళ ప్రపంచంలో కొలను నీళ్లను తూచేది ఎక్కువగా ఆ సూచికతోనే.

సంగతి ఇది. సున్నపురాయిని, అంటే కాల్షియం కార్బొనేటును, ప్రతి నీరూ కొంత మేరకు మోయగలదు. మోయగలిగినంత లేకపోతే ఆ నీరు ఆకలితో ఉన్నట్టు. దొరికినచోట సున్నాన్ని తింటుంది. కొత్త కొలనులో సున్నం దొరికేది టైల్స్ మధ్య గ్రౌటులో, ప్లాస్టరులో. నాలుగైదు నెలలకే టైల్స్ సందులు గీరినట్టు లోతు పడితే మేస్త్రీని తిట్టే ముందు నీళ్లను పరీక్షించాలి. మోయగలిగిన దానికన్నా సున్నం ఎక్కువైతే అది బయటపడుతుంది. టైల్స్ మీద గరుకు పొర, నీటిమట్టం దగ్గర తెల్లటి గీత, పైపుల్లో పెచ్చు. లాంజెలియర్ లెక్కలో ఆకలి సున్నాకు కింద, అజీర్తి సున్నాకు పైన. మనకు కావలసింది సున్నా దగ్గర.

ఆకలిని నిర్ణయించేవి ముఖ్యంగా నాలుగు. నీళ్లలో ఉన్న కాల్షియం, క్షార నిల్వ, పీహెచ్, వేడి. కరిగిన మొత్తం లవణాల పాత్ర కొద్దిగా ఉంటుంది, దాన్ని ప్రస్తుతానికి పక్కన పెడదాం. వేడి విషయంలో సున్నం చాలా పదార్థాలకు విరుద్ధం. చక్కెర వేడినీళ్లలో ఎక్కువ కరుగుతుంది. కాల్షియం కార్బొనేటు వేడినీళ్లలో తక్కువ కరుగుతుంది. హీటరు రాడ్డు మీద పెచ్చు కట్టేది అందుకే. డిసెంబరులో సరిగ్గా తూగిన కొలను, ఏమీ కలపకపోయినా, సూర్యాపేట మే నెల ఎండలో అజీర్తి వైపు జరిగేదీ అందుకే.

క్షార నిల్వ అంటే ల్యాబ్ రిపోర్టులో టోటల్ ఆల్కలినిటీ అని రాసేది. ఇది పీహెచ్ కాదు. పీహెచ్ నీళ్లు ఈ క్షణాన ఎంత ఆమ్లంగా, ఎంత క్షారంగా ఉన్నాయో చెబుతుంది. క్షార నిల్వ ఆ పీహెచ్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. హైవే మీద లారీకి కమాన్ కట్టలు చేసే పని నీళ్లలో ఇది చేస్తుంది. కట్టలు పలచనైతే చిన్న గుంతకే బండి ఎగిరిపడుతుంది. నిల్వ తక్కువైన కొలనులో గ్లాసెడు యాసిడుకే పీహెచ్ దభీమని పడిపోతుంది. కట్టలు మరీ ఎక్కువ వేసి బిగిస్తే బండి బండరాయిలా నడుస్తుంది. నిల్వ మితిమీరితే క్యాన్లు పోసినా పీహెచ్ కదలదు, కదిలినా రెండు రోజుల్లో మళ్లీ పాత చోటికే వస్తుంది. కొలనుకు లీటరుకు 80 నుంచి 120 మిల్లీగ్రాములు సరిపోతుంది. కాల్షియం కఠినత 200 నుంచి 400, పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి.

యాసిడ్ ముందా, సోడా ముందా

అమెరికా పుస్తకాలు మొదట వంటసోడా వేసి క్షార నిల్వ పెంచమంటాయి. వాళ్ల నీళ్లలో చాలాచోట్ల అది తక్కువ. మన గ్రానైటు బోరుకు సాధారణంగా కథ తిరగబడుతుంది.

ఒక లెక్క చూద్దాం. కొలనులో 40,000 లీటర్లు. పరీక్షలో క్షార నిల్వ 350, కాల్షియం 150, పీహెచ్ 7.4 వచ్చాయనుకుందాం. పీహెచ్ చూసి అంతా బాగుందని సంబరపడతాం. రెండు రోజులు మోటారు తిరిగేసరికి అది 8.3కి ఎక్కుతుంది. ఎవరూ ఏమీ కలపలేదు, తగ్గిందల్లా బొగ్గుపులుసు వాయువు. గోలీసోడా కొట్టగానే బుసబుసా పొంగేది ఈ వాయువే. నీళ్లలో ఉన్నంతసేపు అది ఆమ్లంగా పనిచేసి పీహెచ్‌ను కిందికి పట్టి ఉంచుతుంది. బోరు నీళ్లకు గాలి తగలగానే అది పోయింది, పట్టు వదిలింది, పీహెచ్ లేచింది. పీహెచ్ లేచేసరికి కాల్షియం తక్కువే అయినా సున్నం బయటపడటం మొదలవుతుంది.

ఇక్కడ కావలసింది యాసిడ్. బాత్రూములు కడగడానికి అమ్మే పలుచని యాసిడ్ కాదు, 30 శాతం పైన గాఢత ఉన్న హైడ్రోక్లోరిక్ యాసిడ్. 350ని 100కి దింపాలంటే ఈ కొలనుకు సుమారు 20 లీటర్లు పడుతుంది. అంతా ఒక్కసారి పోస్తే ఆ నీళ్లు గ్రౌటును, ఫిల్టరు లోహాన్ని తినేస్తాయి. విడతకు లీటరు మించకూడదు. మోటారు నడుస్తుండగా, బకెట్టెడు నీళ్లలో యాసిడును కలిపి, లోతు వైపు నుంచి అంచు పొడవునా నడుస్తూ వంచాలి. నీళ్లలోకి యాసిడ్ పోయాలి, యాసిడులోకి నీళ్లు ఎన్నడూ పోయకూడదు, చిమ్ముతుంది. నాలుగైదు గంటలాగి మళ్లీ పరీక్ష. యాసిడ్ వేసినప్పుడల్లా పీహెచ్, క్షార నిల్వ రెండూ తగ్గుతాయి. తర్వాత పైపును పైకి తిప్పి నీళ్లు ఎగజిమ్మితే వాయువు లేచిపోయి పీహెచ్ ఒక్కటే పైకి వస్తుంది, నిల్వ దిగినచోటే ఉంటుంది. ఇలా ఒక వారం, పది రోజులు యాసిడ్, గాలి, యాసిడ్, గాలి. ఓపిక లేనివాళ్లు సగం నీళ్లు తీసేసి వానాకాలంలో డాబా మీది వాననీళ్లు పట్టుకోవచ్చు. వాననీళ్లలో క్షారమూ లేదు, సున్నమూ లేదు.

క్షార నిల్వ 100కి దిగాక ఇన్నాళ్లూ దాగున్న కొరత బయటపడుతుంది. కాల్షియం 150 అప్పటిదాకా సరిపోయినట్టే కనిపించింది, ఇప్పుడు ఆ నీళ్లు కొంచెం ఆకలిగా ఉన్నాయి. దాన్ని 250కి తేవడానికి దాదాపు 6 కిలోల కాల్షియం క్లోరైడు రేకులు కావాలి. బకెట్టులో కలిపితే చేయి పెట్టలేనంత వేడెక్కుతుంది, కాబట్టి కొద్దికొద్దిగా, పొడి ముందు కాకుండా నీళ్లు ముందుంచి కలపాలి. మేళ్లచెరువు వైపువాళ్లకు ఈ ఖర్చు లేదు. వాళ్ల బాధ ఎక్కువైన కాల్షియం. దాన్ని తీసేసే చవకైన పొడి ఏదీ లేదు, పలుచన చేయడం ఒక్కటే దారి.

కాలువ నీళ్లతో, వాననీళ్లతో నింపినవాళ్లలో కొందరికి నిల్వ నిజంగానే తక్కువ ఉంటుంది. వాళ్లకు వంటసోడా. ఈ కొలనులో 10 పెంచడానికి 670 గ్రాములు. చాకలిసోడా వేరు, అది పీహెచ్‌ను ఒక్కసారి ఎగదోస్తుంది.

క్లోరిన్ ఉన్నా పనిచేయని రోజు

పీహెచ్ మీద ఇంత పట్టుదల ఎందుకంటే క్లోరిన్ బలమంతా దాని చేతిలో ఉంది. బ్లీచింగ్ పౌడరు వేసినా, ద్రవం పోసినా, బిళ్లలు వేసినా నీళ్లలో చివరికి రెండు రూపాలు ఏర్పడతాయి. ఒకటి హైపోక్లోరస్ ఆమ్లం, ఇది క్రిమి గోడను దాటి లోపలికి దూరి చంపుతుంది. రెండోది హైపోక్లోరైటు, విద్యుదావేశం ఉండటం వల్ల ఆ గోడ దగ్గరే తడబడుతుంది. మొదటిదాని బలం రెండోదాని కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. పీహెచ్ 7.5 దగ్గర రెండూ సగం సగం. 8కి ఎక్కితే బలమైన రూపం నాలుగోవంతు. 8.5 దగ్గర పదోవంతు కూడా ఉండదు. యాసిడ్ చూడని బోరు నీళ్లలో ఎంత బ్లీచింగ్ కుమ్మరించినా కొలను పచ్చబడటానికి కారణం ఇదే. దుకాణదారు ఇంకో సంచి అమ్ముతాడు, ఆ సంచిలో ఉన్న సున్నం పీహెచ్‌ను ఇంకా పైకి తోస్తుంది.

పరిమాణం పెద్ద లెక్క కాదు. వెయ్యి లీటర్లకు ఒక గ్రాము క్లోరిన్ అంటే లీటరుకు ఒక మిల్లీగ్రాము. ఈదేటప్పుడు 1 నుంచి 3 ఉండాలి. తాజా బ్లీచింగ్ పౌడరులో పనికొచ్చే క్లోరిన్ మూడోవంతు, కాబట్టి మన కొలనును ఒక మిల్లీగ్రాము పెంచడానికి 120 గ్రాములు చాలు. తాజాది అయితేనే. రేకుల షెడ్డులో మూతి విప్పి పడేసిన సంచి ఎండాకాలమంతా ఉడికితే ముద్దకట్టి, వాసన పోయి, సున్నం మాత్రమే మిగులుతుంది. అలాంటిదాన్ని నమ్ముకోవడం కన్నా కొనకపోవడం మేలు.

ఏ రూపంలో కొనాలన్నది ఊరిని బట్టి తేల్చుకోవాలని నా అభిప్రాయం. బ్లీచింగ్ పౌడరు క్లోరిన్‌తో పాటు కాల్షియాన్నీ తెస్తుంది. సూర్యాపేట గ్రానైటు నీళ్లకు ఆ కాల్షియం లాభమే. రాత్రి బకెట్టులో కలిపి, అడుగున మడ్డి తేరాక పైనీళ్లు పోస్తే చాలు. సున్నపురాతి పట్టీలో అదే పౌడరు నీళ్లను పాలలా తెల్లబరుస్తుంది. అక్కడ సోడియం హైపోక్లోరైటు ద్రవం మంచిది.

ఎండ సంగతి మరవకూడదు. నీడలేని కొలనులో మధ్యాహ్నపు ఎండకు క్లోరిన్ గంటన్నర, రెండు గంటల్లో చాలావరకు విరిగిపోతుంది. దాన్ని కాపాడటానికి సయనూరిక్ ఆమ్లం వేస్తారు, దుకాణంలో స్టెబిలైజర్ అంటారు. లీటరుకు 30 మిల్లీగ్రాములు సరిపోతుంది, మన కొలనుకు 1.2 కిలోలు. అది మొండిగా కరుగుతుంది, పాత సాక్సులో కట్టి నీళ్లు వచ్చే గొట్టం ముందు వేలాడదీస్తే రెండు మూడు రోజులు పడుతుంది. తేలే క్లోరిన్ బిళ్లల్లో ఇది ముందే కలిసి ఉంటుంది. ఎండకు క్లోరిన్ పోతుంది, ఇది పోదు. ఏడాదంతా బిళ్లలే వేస్తే పోగుపడి క్లోరిన్ చేతులు కట్టేస్తుంది.

కొత్త బోరు నీళ్లలో ఇనుముంటే మొదటి మోతాదు క్లోరిన్‌కే తేటనీళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి. కంగారు పడనక్కర్లేదు, కరిగి ఉన్న ఇనుము తుప్పుగా మారి కనపడుతోంది. పటిక పట్టించి, రాత్రి తేరనిచ్చి, అడుగు మడ్డిని ఫిల్టరు గుండా కాకుండా నేరుగా బయటికి లాగేయాలి.

ఒక్క హెచ్చరిక మాత్రం గట్టిగా. యాసిడ్ క్యాను, బ్లీచింగ్ సంచి ఒకే అరలో పెట్టకండి. రెండూ కలిస్తే లేచే క్లోరిన్ వాయువు మూసిన గదిలో మనిషిని చంపగలదు. బ్లీచింగ్ పౌడరు కొలిచిన గరిటెతో క్లోరిన్ బిళ్లల డబ్బా ముట్టుకున్నా మంట పుట్టొచ్చు.

మొదటి నెల

గ్రౌటు ఆరాక, నింపడం మొదలుపెడితే మధ్యలో ఆపకూడదు. ఆపిన ప్రతిచోటా గోడ మీద గీత మిగులుతుంది. పైపు మూతికి గోనెగుడ్డ కట్టి లోతు చివర పెట్టి వదలాలి. నిండగానే ఫిల్టరు తిప్పాలి, మొదటి రోజుల్లో ఆపకుండా, తర్వాత రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు.

సిమెంటు గట్టిపడటం మేస్త్రీ వెళ్లిపోయాక కూడా సాగుతుంది. ఆ క్రమంలో అది సున్నాన్ని వదులుతూ ఉంటుంది కాబట్టి మొదటి నెల పీహెచ్ రోజూ పైకే పోతుంది. నిన్న యాసిడ్ వేశాం కదా అని ఇవాళ పరీక్ష మానేయకూడదు. గోడల మీద పట్టే తెల్లని నుసిని నైలాన్ బ్రష్షుతో రోజూ తోమాలి, తోమకపోతే అక్కడే గట్టిపడుతుంది.

పరీక్ష పెట్టె చిన్నది. పీహెచ్‌కు ఎర్రటి ద్రవం, అది ఆమ్లంలో పసుపు, క్షారంలో గులాబి ఎరుపు. క్లోరిన్‌కు వేసే డీపీడీ బిళ్ల గులాబీరంగు చూపిస్తుంది. ఇందులో ఒక మోసం ఉంది. క్లోరిన్ మరీ ఎక్కువైతే ఆ రంగునే విరిచేసి నీళ్లు రంగు లేకుండా కనిపిస్తాయి. క్లోరిన్ అసలే లేదనుకుని ఇంకా పోసేస్తారు. అనుమానమొస్తే కొలను నీళ్లు ఒక వంతు, మంచినీళ్లు తొమ్మిది వంతులు కలిపి మళ్లీ చూడాలి. నీళ్లు మోచేతి లోతు నుంచి తీయాలి, పైపైన కాదు.

మిర్యాలగూడ వాళ్లకు ఇంకో అతిథి ఉంటాడు. ఉప్పుడుబియ్యం మిల్లుల బాయిలర్లలో ఊక కాలుస్తారు, గాలి వాలును బట్టి నల్లటి నుసి కొలనులో వాలుతుంది. అందులో ఎక్కువ భాగం సిలికా, నీటి స్వభావాన్ని పెద్దగా మార్చదు. ఫిల్టరు ఇసుకను మాత్రం తొందరగా పట్టేస్తుంది. ప్రెషర్ ముల్లు పెరగగానే బ్యాక్‌వాష్ చేయడం, అంటే నీళ్లు ఎదురు తిప్పి ఫిల్టరును కడగడం తప్ప దానికి మందు లేదు.

పిల్లల కళ్లు మండాయంటే క్లోరిన్ ఎక్కువైందని అందరూ అనుకుంటారు. ఎక్కువసార్లు అది తక్కువైనప్పటి లక్షణం. చెమట, మూత్రాలలోని నత్రజనితో క్లోరిన్ కలిసి క్లోరమైన్లు అవుతాయి. కళ్లు మండించేవి, ఆ ఘాటు వాసనా వాటివే. దిగేముందు స్నానం చేయించి, సాయంత్రం క్లోరిన్‌ను 10 దాకా పెంచి వదిలితే అవి విరిగిపోతాయి. మళ్లీ 3కు దిగాకే పిల్లల్ని దింపాలి.

ఎండాకాలం లెక్క

ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ నీటిమట్టం రోజుకు దాదాపు సెంటీమీటరు తగ్గుతుంది. మన కొలనులో అది 320 లీటర్లు. నెలకు 30 సెంటీమీటర్లు, మొత్తంలో నాలుగోవంతు. లేచిపోయేది నీరు ఒక్కటే, ఉప్పు, సున్నం, క్షారం, ఫ్లోరైడు అన్నీ ఇక్కడే ఉండిపోతాయి. ఖాళీ అయినంత మేర మళ్లీ బోరు నీళ్లే పోస్తాం, అవి తమ వంతు లవణాలు తెచ్చిపెడతాయి. అంటే ఎండాకాలంలో నెల తిరిగేసరికి, బోరు నీళ్లలో ఉన్నన్ని లవణాల్లో పావు వంతు కొలనులో అదనంగా చేరుతుంది. సూచిక అజీర్తి వైపు జరుగుతుంది, ఎండ దాన్ని ఇంకా నెడుతుంది. రాత్రిళ్లు తాటిపత్రి కప్పితే ఆవిరి బాగా తగ్గుతుంది, పగలు కప్పితే క్లోరిన్ కూడా మిగులుతుంది.

జూన్‌లో తొలకరి పడ్డాక ఒక అడుగు నీళ్లు తీసేసి వానకు వదిలేయడం తేలికైన మార్గం. తీసిన నీళ్లలో క్లోరిన్ రెండు మూడు రోజులు ఎండకు విరిగాక కొబ్బరిచెట్లకు పెట్టొచ్చు, కొబ్బరి కొంత ఉప్పును ఓర్చుకుంటుంది. వరినారు మడికి మాత్రం వదలకండి. స్టెబిలైజర్ వేసిన కొలనైతే క్లోరిన్ అంత త్వరగా పోదు, డీపీడీ బిళ్ల రంగు చూపించనంతవరకు ఆగాలి.